‘వేర్’ అంటే ‘ధరించు’ మాత్రమేనా? : ఇంగ్లీషు పదసంపద పుస్తకాల్లో తెలుగు అర్థం, ఉదాహరణ వాక్యం

వ్యాససంగ్రహం:

తెలుగు పాఠకులకు ఇంగ్లీషు పదసంపద నేర్పే పుస్తకాలు చాలావరకు ఒకే చట్రంలో నడుస్తాయి. ముందు ఇంగ్లీషు మాట, దాని పక్కన ఒకటో రెండో తెలుగు అర్థాలు, ఆ తరువాత ఒక ఉదాహరణ వాక్యం. ఈ చట్రంలో ఉదాహరణ వాక్యం చేయవలసిన పని ఏమిటో భారతీయ శాబ్దబోధ సంప్రదాయంలోని శక్తిగ్రహ చర్చ ఆధారంగా నిర్ణయించి, ఆ పని ఎక్కడ కుంటుపడుతున్నదో ‘వేర్’ మొదలైన నిత్యవ్యవహార పదాల ద్వారా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లోపం ఇంగ్లీషు వైపుకంటే తెలుగు వైపే ఎక్కువగా ఉన్నదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ద్విభాషా నిఘంటువు, ఉదాహరణ వాక్యం, శక్తిగ్రహం, ఆవాపోద్వాపాలు, తెలుగు క్రియ, ఆదానపదాలు.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరే విద్యార్థుల దగ్గర, ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారి దగ్గర, ఒక నోటుపుస్తకం ఉంటుంది. ప్రతి పుటనూ మూడు నిలువు గడులుగా గీసుకుంటారు. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండో గడిలో తెలుగు అర్థం, మూడో గడిలో వాక్యం. రోజుకు పది మాటలు వల్లెవేయాలన్నది ఎక్కువమంది పెట్టుకునే నియమం. ఆ పది మాటలూ బజారులో దొరికే ఏదో ఒక పదసంపద పుస్తకం నుంచో, దినపత్రికల విద్యాపుటల నుంచో దిగుతాయి.

ఆ నోటుపుస్తకం ఇంగ్లీషు అధ్యాపకులు దిద్దవలసినదని, తెలుగు శాఖవారికి దానితో సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను. ఒకరోజు ఒక విద్యార్థిని తన పుస్తకం తెచ్చి, రెండో గడిలోని తెలుగు మాటకు అర్థం చెప్పమని అడిగింది. మొదటి గడిలో ‘రిలక్టెంట్’ అని ఉంది. దానికి ఎదురుగా ‘విముఖుడైన’ అని ఉంది. ఆమెకు తెలియనిది రెండో మాట. ఒక తెలియని మాటను మరొక తెలియని మాటతో గుర్తుపెట్టుకోవడానికి ఆమె రెండు రోజులుగా ప్రయత్నిస్తున్నది. మూడో గడిలోని వాక్యం ‘హీ ఈజ్ రిలక్టెంట్’. అంటే ‘అతను విముఖుడు’. ఈ మూడు గడులూ కలిసి ఆమెకు ఏమీ చెప్పలేదు.

ఏ ఒక్క పుస్తకాన్నో, ఏ ఒక్క రచయితనో తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ పుస్తకాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతి ఇక్కడ పరిశీలనాంశం. చర్చలో వచ్చే వాక్యాలు ఆ పద్ధతికి నమూనాలుగా నేను కూర్చినవి.

2. నిఘంటువులు నడిచిన దారి

తెలుగు, ఇంగ్లీషుల మధ్య నిఘంటు రచన మొదట మన అవసరం కోసం పుట్టలేదు. 1821లో వెలువడిన ఎ.డి. క్యాంబెల్ నిఘంటువు తెలుగు నేర్చుకోవలసిన కంపెనీ ఉద్యోగులకు పనికివచ్చేది. సి.పి. బ్రౌన్ కూడా అలాంటి ఉద్యోగే. అయితే 1850వ దశకం తొలి సంవత్సరాల్లో వెలువడిన ఆయన నిఘంటువుల్లో ఇంగ్లీషు–తెలుగు కోశం దృష్టి కొంత వేరు. ఇంగ్లీషు జాతీయాలను, పదబంధాలను తెలుగులో వివరించడం, ఇంగ్లీషు మాటల ఉచ్చారణ చూపడం దాని శీర్షికలోనే చెప్పుకున్న లక్ష్యాలు. ఉచ్చారణ చూపవలసిన అవసరం ఇంగ్లీషువారికి ఉండదు గదా. ఒంటరి మాటకంటే మాట వచ్చే బంధం ముఖ్యమన్న గ్రహింపు బ్రౌన్‌లో ఉంది. కచేరీల్లో వినిపించే తెలుగును అర్థంగా ఇవ్వడానికి ఆయన వెనుకాడలేదు. గ్రాంథికానికి పెద్దపీట ఉన్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

తరువాత పి. శంకరనారాయణ నిఘంటువు ఎన్నో ముద్రణలు పొంది తరతరాల విద్యార్థుల చేతుల్లో నిలిచింది. 1991లో వచ్చిన జె.పి.ఎల్. గ్విన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఆధునిక తెలుగును ప్రయోగాలతో సహా పట్టి చూపింది. కాని దాని దిశ తెలుగు నుంచి ఇంగ్లీషుకు. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు విద్యార్థికి కావలసినది ఎదురు దిశ.

ఇదే కాలంలో ఇంగ్లీషును పరభాషగా నేర్చుకునేవారి కోసం ఏకభాషా నిఘంటువులు వేరే దారిలో ఎదిగాయి. ఆ దారికి మన దేశంతో సంబంధం ఉంది. ఢాకాలో అధ్యాపక శిక్షణలో పనిచేసిన మైకేల్ వెస్ట్, జె.జి. ఎండికాట్‌తో కలిసి 1935లో తెచ్చిన నిఘంటువులో వివరణలన్నిటినీ 1,490 మాటల పరిమిత పదజాలంతోనే రాశాడు. తెలియని మాటను తెలిసిన మాటలతోనే వివరించాలన్నది ఆయన పట్టుదల. బెంగాలీ పిల్లల చదువును దగ్గరగా చూసిన అనుభవం దాని వెనుక ఉంది. ఎ.ఎస్. హార్న్‌బీ నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. క్రియలు ఏ ఏ వాక్యనిర్మాణాల్లో ఒదుగుతాయో చూపడం దాని ప్రత్యేకత. 1948లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దానిని తిరిగి ప్రచురించాక అది ప్రపంచమంతటా వ్యాపించింది. 1987లో బర్మింగ్‌హామ్‌లో జాన్ సింక్లెయిర్ ఆధ్వర్యంలో వచ్చిన కోబిల్డ్ నిఘంటువు నిఘంటుకర్త కల్పించిన ఉదాహరణలను పక్కనపెట్టి, వాడుకలోంచి ఏరిన వాక్యాలనే ఇచ్చింది. కల్పిత వాక్యమా, వాడుక వాక్యమా అన్న వాదం అప్పటి నుంచి సాగుతూనే ఉంది. కొత్త మాటను అర్థం చేసుకునే దశలో నేర్పరి అయిన నిఘంటుకర్త కల్పించిన వాక్యమే ఎక్కువ ఉపకరిస్తుందని బాటియా లాఫర్ వంటివారు వాదించారు. వాక్యం ఎక్కడినుంచి వచ్చిందన్న దానికంటే అది ఏ పని చేస్తున్నదన్నది ముఖ్యమని నా అభిప్రాయం. ఆ పని ఏమిటో చెప్పడానికి బర్మింగ్‌హామ్ దాకా పోనక్కరలేదు.

3. శక్తిగ్రహం: ఎనిమిదింటిలో ఒకటి కోశం

మాటకు అర్థం తెలియడమనే సంగతిని మన శాస్త్రకారులు ‘శక్తిగ్రహం’ అన్నారు. అది కలిగే మార్గాలు ఎనిమిదని న్యాయసిద్ధాంతముక్తావళి చదివిన ప్రతివారికీ తెలుసు. వ్యాకరణం, ఉపమానం, కోశం, ఆప్తవాక్యం, వ్యవహారం, వాక్యశేషం, వివృతి, సిద్ధపదసాన్నిధ్యం. ఈ వరుసలో కోశం ఒకటి మాత్రమే. తక్కినవాటిలో వ్యవహారం, వాక్యశేషం, సిద్ధపదసాన్నిధ్యం అనే మూడింటికి వాక్యమే ఆధారం. తెలిసిన మాటల పొరుగున ఉండి తెలియని మాట అర్థమవడం సిద్ధపదసాన్నిధ్యం. సందేహించిన మాట మిగిలిన వాక్యభాగం వల్ల తేలడం వాక్యశేషం. పదసంపద పుస్తకంలో రెండో గడి కోశమైతే, మూడో గడి ఈ మూడు పనులూ చేయాలి.

వ్యవహారం వల్ల పిల్లవాడు మాట నేర్చుకునే తీరుకు శాస్త్రకారులిచ్చే దృష్టాంతం ప్రసిద్ధం. పెద్దవాడు మరొకడితో ‘ఆవును తీసుకురా’ అంటాడు. అతను తెస్తాడు. తరువాత ‘ఆవును కట్టెయ్యి’, ‘గుర్రాన్ని తీసుకురా’ అంటాడు. పక్కన ఉన్న పిల్లవాడు ఒక వాక్యంలోంచి ఒక మాట తొలగి మరొకటి చేరినప్పుడు జరిగే పనిలో వచ్చే మార్పును గమనించి ఏ మాటకు ఏది అర్థమో విడదీసుకుంటాడు. చేర్చడం ఆవాపం, తీసివేయడం ఉద్వాపం. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఒక్క వాక్యంతో పిల్లవాడికి ఏదీ తెలియదు. ‘ఆవును తీసుకురా’ అన్నది ఒక్కటే విని ఉంటే ఏ ముక్క ఆవు, ఏ ముక్క తేవడం అన్నది చీకటిగానే మిగిలేది. రెండో వాక్యం, మూడో వాక్యం వచ్చాకే భేదం పుడుతుంది.

మన పుస్తకాల్లో ఒక మాటకు ఒకే వాక్యం ఉంటుంది. ఆ వాక్యంలోంచి ఆ మాటను తీసి అదే వ్యాకరణ వర్గానికి చెందిన మరే మాటను పెట్టినా వాక్యం నిలుస్తుంది. ‘హీ ఈజ్ ఎ బెనెవలెంట్ మ్యాన్’ అన్న చోట బెనెవలెంట్ తీసి టాల్ పెట్టండి, ఆంగ్రీ పెట్టండి, రిచ్ పెట్టండి, ఏమీ చెడదు. అంటే ఆ వాక్యం ఆ మాటను ఏ విధంగానూ పట్టి ఉంచడంలేదు. దాని పొరుగున సిద్ధపదం లేదు, నిర్ణయించే శేషం లేదు. గోడకు కొట్టిన మేకుకు ఏ చొక్కా తగిలించినా ఆగినట్టే. ఉదాహరణ వాక్యం మంచిదా కాదా చెప్పడానికి ఈ తీసివేత పరీక్ష ఒక్కటి చాలు.

అమరకోశం వల్లెవేయడం మన పాత చదువులో భాగం కాబట్టి పట్టిక చదువు మన సంప్రదాయమేనని కొందరంటారు. కాని అమరం వల్లెవేసిన విద్యార్థి ఆ వెంటనే కావ్యంలోకి వెళ్ళేవాడు. అక్కడ ప్రతి మాటకూ ప్రతిపదార్థం, అన్వయం, తాత్పర్యం ఉండేవి. కోశం గుమ్మం మాత్రమే. ఇప్పటి విద్యార్థిని గుమ్మంలోనే నిలబెట్టి ఇల్లు చూపించామంటున్నాం.

4. కట్టు, తొడుక్కొను, పెట్టుకొను

‘వేర్’ చాలా చిన్న మాట. బడిలో మూడో నాలుగో తరగతికే వస్తుంది. పదసంపద పుస్తకాలు దీనిని కష్టపదంగా లెక్కచేయవు. ‘ధరించు’ అని ఒక్కమాటలో తేల్చి ముందుకు పోతాయి. తెలుగువాడు ఇంట్లో ఏనాడూ ‘ధరించడు’. చీర, పంచె, లుంగీ కట్టుకుంటాడు. చొక్కా, లాగు, చెప్పులు వేసుకుంటాడు. గాజులు వేసుకుంటారు, తొడుక్కుంటారు. కళ్ళజోడు, టోపీ, ఉంగరం, బొట్టు, పువ్వులు పెట్టుకుంటారు. తలపాగా చుట్టుకుంటారు. శాలువా కప్పుకుంటారు. సెంటు పూసుకుంటారు. శరీరానికీ వస్తువుకూ మధ్య జరిగే పని ఏదో తెలుగు క్రియ విడివిడిగా చెబుతుంది. కట్టేది ముడిపడుతుంది, తొడిగేది లోపలికి దూరుతుంది, పెట్టేది పైన నిలుస్తుంది. ఇంగ్లీషు ఈ పనులను లెక్కచేయకుండా, ఒంటిమీద ఉండడమనే ఫలితాన్ని ఒక్క క్రియతో చెబుతుంది.

అందువల్ల ‘ధరించు’ అన్న అర్థం తప్పు కాకపోయినా వృథా. దానిని చదివిన విద్యార్థి తన నోట్లో ఉన్న కట్టుకొను, వేసుకొను, పెట్టుకొను అనే మాటలకూ ‘వేర్’కూ ముడివేయలేడు. కళ్ళజోడు సంగతి రాయవలసి వచ్చినప్పుడు అతనికి ‘పెట్టుకొను’ గుర్తొస్తుంది. ‘పెట్టు’ అంటే ‘కీప్’ అని మరో పుటలో చదివాడు. ‘ఐ కెప్ట్ మై స్పెక్టకిల్స్’ అని రాస్తాడు. ఈ వాక్యం నేను ఒకటికి నాలుగుసార్లు చూశాను. ఇది ఇంగ్లీషు రాకపోవడం వల్ల వచ్చిన తప్పు అని కొట్టివేయడం సులభం. కాని పుస్తకంలోని తెలుగు అతని తెలుగు కాకపోవడం వల్ల వచ్చిన తప్పు ఇది.

ఇంకా లోతైన చిక్కు కాలం దగ్గర ఉంది. ‘హీ ఈజ్ వేరింగ్ ఎ వైట్ షర్ట్’ అన్న ఉదాహరణ ఇచ్చి, కింద ‘అతను తెల్లచొక్కా ధరిస్తున్నాడు’ అని అనువాదం ఇస్తే ఏం జరుగుతుంది? తెలుగులో ఆ రూపానికి చొక్కా ఇప్పుడు వేసుకోవడంలో ఉన్నాడు, ఇంకా బొత్తాలు పెట్టుకోలేదు అని అర్థం వస్తుంది. లేదా ఈమధ్య అలవాటుగా తెల్లచొక్కాలే వేసుకుంటున్నాడని అర్థం వస్తుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఒంటిమీద ఉన్న చొక్కాను గురించి తెలుగువాడు ‘తెల్లచొక్కా వేసుకున్నాడు’ అనే అంటాడు. రూపం భూతకాలానిది, చెప్పే స్థితి వర్తమానానిది. ముగిసిన పని ఫలితం ఇంకా నిలిచి ఉన్నదని చెప్పడానికి తెలుగు ఈ రూపాన్ని వాడుతుంది. కూర్చున్నాడు, నిలబడ్డాడు, పడుకున్నాడు అన్నవీ ఇలాంటివే. ఫోనులో ఎవరైనా తండ్రిని అడిగితే ‘నాన్న పడుకున్నారు’ అంటాం. దాన్నే ఇంగ్లీషులో చెప్పవలసివస్తే మన విద్యార్థి ‘మై ఫాదర్ స్లెప్ట్’ అంటాడు. అవతలివారికి అది నిన్న రాత్రి మాటలా వినిపిస్తుంది.

ఇంగ్లీషు వ్యాకరణ పాఠంలో ఈ సంగతి రాదు. అక్కడ వర్తమానం, భూతం వేర్వేరు అధ్యాయాలు. తెలుగు వ్యాకరణ పాఠంలోనూ రాదు. భూతార్థకానికి ఈ స్థితిబోధక శక్తి ఉందని మనం తరగతిలో చెప్పం, ఎందుకంటే తెలుగువాడికి అది చెప్పనవసరం లేదు. ఇది బయటపడే చోటు ఒక్కటే, రెండు భాషల వాక్యాలు పక్కపక్కన నిలిచే చోటు. అంటే పదసంపద పుస్తకంలోని మూడో గడి. ‘హీ ఈజ్ వేరింగ్ ఎ వైట్ షర్ట్’ పక్కన ‘తెల్లచొక్కా వేసుకున్నాడు’ అని, ‘హీ ఈజ్ పుటింగ్ ఆన్ ఎ వైట్ షర్ట్’ పక్కన ‘తెల్లచొక్కా వేసుకుంటున్నాడు’ అని రెండు వాక్యాలూ ఇచ్చి ఉంటే, శాస్త్రకారులు చెప్పిన ఆవాపోద్వాపం జరిగేది. వేసుకున్నాడు–వేసుకుంటున్నాడు అన్న చిన్న తేడా, వేర్–పుట్ ఆన్ అన్న పెద్ద తేడాను పట్టిచ్చేది. ఏ సూత్రమూ చెప్పనవసరం ఉండేది కాదు.

‘కొను’ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చొక్కా వేసుకోవడానికీ, బిడ్డకు చొక్కా వేయడానికీ తెలుగులో తేడా ఆ ‘కొను’ చేరడంలో ఉంది. ఇంగ్లీషు ఈ రెండో పనికి ‘డ్రెస్’ అనే వేరే క్రియ దగ్గరకు పోతుంది. పుస్తకాలు ‘డ్రెస్’కు దుస్తులు అని నామవాచకం అర్థం ఇచ్చి ఆగుతాయి. తల్లి బిడ్డను ముస్తాబు చేసే వాక్యం ఒక్కటి ఉన్నా ఎంతో తేటపడేది.

5. ఒక మాటకు రెండు, నాలుగింటికి ఒకటి

‘వేర్’లో తెలుగు పలు క్రియలుగా చీలితే, వేరే చోట్ల ఇంగ్లీషు చీలుతుంది. ‘నీడ’ ఒకటే మాట. చెట్టుకింద చల్లగా ఉండేదీ నీడే, గోడమీద పడే మనిషి ఆకారమూ నీడే. ఇంగ్లీషులో మొదటిది ‘షేడ్’, రెండోది ‘షాడో’. పుస్తకాలు రెండింటికీ ‘నీడ’ అనే రాస్తాయి. వేరేం రాయగలవు? కాని ‘నీడ’ అని రాశాక ఆ రెండు మాటలనూ విడదీసే భారమంతా వాక్యాలదే. ఎండలో నడిచి వచ్చినవాళ్ళు చింతచెట్టు కింద కూర్చున్న వాక్యం ఒకటి, దీపం ముందు చేతులు పెట్టి గోడమీద జింకను చేసిన పిల్లవాడి వాక్యం ఒకటి ఉంటే చాలు. ఇస్తున్న వాక్యమేమో ‘దిస్ ఈజ్ ఎ షాడో’. ఇది తీసివేత పరీక్షలో మొదటే ఓడిపోతుంది.

‘సే’, ‘టెల్’ రెండూ ‘చెప్పు’. ‘లెండ్’, ‘బారో’ రెండింటిలోనూ ‘అప్పు’ ఉంది. అప్పు ఇవ్వడం, అప్పు తీసుకోవడం అని తెలుగు ఇచ్చిపుచ్చుకోవడాలను క్రియలో చూపుతుంది కాబట్టి, విద్యార్థి ‘అప్పు’ అన్న భాగాన్నే పట్టుకుని ఏ మాటనైనా ఏ వైపుకైనా వాడతాడు. ఈ జంటలకు విడివిడిగా వాక్యాలు ఇవ్వడం వల్ల లాభం లేదు. ఒకే సంఘటనను రెండువైపుల నుంచి చెప్పాలి. రాజు రవికి పుస్తకం ఇచ్చాడు, రవి రాజు దగ్గర పుస్తకం తీసుకున్నాడు అని ఒకే పుస్తకం చేతులు మారితే రెండు క్రియలూ తేలిపోతాయి. అక్షరక్రమంలో నడిచే పుస్తకంలో ‘బారో’ ఎక్కడో, ‘లెండ్’ ఎక్కడో ఉంటాయి కాబట్టి ఇది జరగదు. అక్షరక్రమం వెతుక్కోవడానికి మంచిదే, నేర్చుకోవడానికి శత్రువు.

ఎదురు దిశలో ‘రైస్’ను చూడండి. పొలంలో వరి, కళ్ళంలో ధాన్యం, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం. నాలుగు దశలకూ ఇంగ్లీషులో సాధారణంగా ఒకే మాట సరిపోతుంది. ‘అంకుల్’ ముందు మేనమామ, బాబాయి, పెదనాన్న అందరూ ఒకే వరుసలో నిలబడవలసి వస్తుంది. ఇక్కడ విద్యార్థి తప్పు రాయడు గాని అనువదించేటప్పుడు తడబడతాడు. పుస్తకంలో ‘అంకుల్–మామయ్య’ అని మాత్రమే ఉంటే, పెదనాన్నను గురించి రాయవలసిన పిల్లవాడు ఇంగ్లీషులో ఆ మాట లేదనుకుంటాడు.

విభక్తుల సంగతి మరొకటి. ‘ఆ విషయం గురించి చర్చించాం’ అన్న తెలుగు వాడుక వల్ల ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ వచ్చి కూర్చుంటుంది. ‘అతనితో చెప్పాను’ అనడం వల్ల ‘టెల్’ పక్కన ‘విత్’ చేరుతుంది. ‘చర్చించు’ అన్న అర్థాన్ని ఎన్నిసార్లు వల్లెవేసినా ఇది పోదు, ఎందుకంటే తప్పు అర్థంలో లేదు, కూర్పులో ఉంది. హార్న్‌బీ క్రియలకు వాక్యనిర్మాణ నమూనాలు కూర్చినది ఈ కారణానికే. కాని ఆయన జపానులో మొదలుపెట్టి అందరికోసం రాశాడు. తెలుగువాడు ఏ విభక్తి దగ్గర జారిపడతాడో ఆయనకు తెలిసే అవకాశం లేదు. తెలియవలసింది మనకు.

6. ఏ తెలుగు?

మొదట చెప్పిన విద్యార్థిని దగ్గరకు తిరిగి వస్తాను. ‘విముఖుడైన’ అన్న అర్థంలో రెండు దోషాలున్నాయి. మొదటిది ఆ మాట ఆమెకు తెలియకపోవడం. సందిగ్ధ, ఉపశమించు, ఔదార్యం గల, నిష్కపటమైన అనే తరహా అర్థాలు పుస్తకాల నిండా ఉంటాయి. వీటిలో చాలావాటిని కావ్యం చదివే విద్యార్థికి మేమే తరగతిలో మళ్ళీ తెలుగులో వివరించాలి. వెస్ట్ ఇంగ్లీషుకు పెట్టుకున్న 1,490 మాటల నియమం వంటిది తెలుగు వైపున పెట్టుకున్న పదసంపద పుస్తకం నాకు కనిపించలేదు.

రెండో దోషం ఇంకా పెద్దది. ‘విముఖుడు’ అంటే ముఖం తిప్పుకున్నవాడు. పని చేయనివాడు. ‘రిలక్టెంట్’ అయినవాడు చాలాసార్లు ఆ పని చేస్తాడు. మనసొప్పకపోయినా చేస్తాడు. ఆ మాటలోని అసలు బాధ అక్కడే ఉంది. ‘అయిష్టంగానే ఒప్పుకున్నాడు’ అని పత్రికల్లో రోజూ చదివే మాట దీనికి ఎంతో దగ్గర. సంస్కృతపదం గంభీరంగా ఉంటుంది కాబట్టి కచ్చితంగా ఉంటుందనే భ్రమ మన నిఘంటుకర్తలను ఇంకా వదలలేదు.

తెలుగు అన్నప్పుడు ఏ ప్రాంతపు తెలుగు అన్న ప్రశ్న కూడా వస్తుంది. ‘ట్యాప్’కు ‘కుళాయి’ అని మాత్రమే రాసిన పుస్తకం ‘నల్లా’ అనే ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఒక మెట్టు దూరమవుతుంది. కుళాయి, నల్లా అని రెండూ రాయడానికి పట్టే చోటు ఒక్క మాటంత.

అన్నిటికంటే పట్టించుకోవలసినది, పట్టించుకోనిది, ఇప్పటికే తెలుగైపోయిన ఇంగ్లీషు. విద్యార్థి ‘ఫీల్’ అన్న మాటను పుస్తకం తెరవకముందే ఎరుగును. ‘ఆమె ఫీలైంది’ అంటే మనసు నొచ్చుకుంది అని. పుస్తకం ‘ఫీల్–అనుభూతి చెందు’ అంటుంది. ఇద్దరూ ఒకే మాటను గురించి మాట్లాడుతున్నారని అతనికి తోచదు. ‘షీ ఫెల్ట్’ అని వాక్యం ముగించి తృప్తిపడతాడు. తరువాత ఒక విశేషణం రావాలని అతనికెవరూ చెప్పలేదు. ‘డౌట్’ మన తరగతుల్లో ప్రశ్నకు పర్యాయం. ‘డౌటు అడగడం’ తెలుగు వాడుకలో సర్వసాధారణం. ‘టెన్షన్’ పడతాం, అంటే కంగారు. ‘హోటల్’లో టిఫిన్ చేస్తాం, పడుకోము. ‘బోరు’ నీళ్ళకు వేస్తారు, సినిమా చూస్తే కొడుతుంది. (రెండో ‘బోరు’ పక్కన ‘కొట్టు’ ఎలా చేరిందో ఎవరైనా పరిశోధించదగిన విషయమే.) ఈ మాటలు తెలుగులో తప్పులు కావు. వాటికి తెలుగులో సొంత జీవితం ఉంది. అందుకే ఇవి తెలిసిన మాటలుగా కనిపించి దారి తప్పిస్తాయి. తెలుగువారికోసం రాసే పదసంపద పుస్తకం కఠినపదాలతో కాక, ఈ తెలిసినట్టుండే మాటలతో మొదలుకావాలి. టోక్యోలోనో బర్మింగ్‌హామ్‌లోనో తయారైన నిఘంటువుకు ఈ అవసరం ఎప్పటికీ రాదు. మన పుస్తకాలు ఆ నిఘంటువుల పట్టికలకు తెలుగు అతికించుకుని పోతున్నంతకాలం మనకూ రాదు.

7. అధ్యాపకుల వాటా

ఈ విమర్శకు ఒక న్యాయమైన జవాబు ఉంది. బ్యాంకు పరీక్షకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో, విదేశీ చదువు పరీక్షకో చదివేవాడికి వాక్యంతో పనిలేదు. నాలుగు ఐచ్ఛికాల్లో పర్యాయపదం గుర్తించాలి, అంతే. వ్యవధి మూడు నెలలు. ఆ మూడు నెలల్లో వెయ్యి మాటలు గుర్తుపట్టగలిగితే బతుకు మారుతుంది. పట్టికను ఎద్దేవా చేసే హక్కు ఉద్యోగం ఉన్న అధ్యాపకుడికి లేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ పరీక్ష దాటిన తరువాత అదే అభ్యర్థి ఇంటర్వ్యూ గదిలో కూర్చుంటాడు. అక్కడ గుర్తుపట్టడం చాలదు, మాట్లాడాలి. గుర్తుపట్టే మాటలు వెయ్యి ఉండి, నోటికి వచ్చేవి ఏభై కూడా లేని స్థితి ఎంత అవమానకరంగా ఉంటుందో తెలుగు మాధ్యమంలో చదివిన నాకు తెలుసు.

హైదరాబాదులో 1958లో ఇంగ్లీషు బోధన కోసం కేంద్రీయ సంస్థ ఏర్పడింది. అదే ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. పదేళ్ళ తరువాత 1968లో అదే నగరంలో తెలుగు అకాడమి ఏర్పడి పారిభాషిక పదకోశాలను తెచ్చింది. ఒకటి ఇంగ్లీషును ఎలా నేర్పాలో ఆలోచించింది. మరొకటి శాస్త్రాలను తెలుగులో ఎలా చెప్పాలో ఆలోచించింది. ఇంగ్లీషు వాక్యం పక్కన నిలబడదగిన తెలుగు వాక్యం ఏదన్న ప్రశ్న రెండింటి మధ్యా జారిపోయింది. ఆ ఖాళీని ఎక్కువగా గైడు ప్రచురణకర్తలే నింపారు. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు. ఖాళీ మనది.

ఈ పని ఇంగ్లీషు శాఖలదని తెలుగు శాఖలు, తెలుగు అర్థాలు తమ పని కాదని ఇంగ్లీషు శాఖలు అనుకుంటూ వచ్చాయి. నిజానికి ‘వేసుకున్నాడు’ అన్న రూపం వర్తమాన స్థితిని చెబుతుందని గుర్తించగలిగినవాడు తెలుగు వ్యాకరణం చదివినవాడే. వృత్తిపదకోశాలు, మాండలిక పదకోశాలు కూర్చిన అనుభవం ఉన్న భాషాశాస్త్ర సంప్రదాయం మనది. పరిశోధన విద్యార్థులు విషయం కోసం వెతుక్కుంటున్న కాలంలో, మొదటి సంవత్సరం విద్యార్థుల ఇంగ్లీషు నోటుపుస్తకాల్లోని రెండో గడి ఒక్కటే ఒక సిద్ధాంతవ్యాసానికి సరిపడే సామగ్రి.

ఒక చిన్న ప్రయత్నం చేశాను. నా తరగతిలో వారానికి ఒక గంట, పట్టికలోని మాట ఒకటి తీసుకుని, దానికి పుస్తకంలోని అర్థాన్ని చెరిపి, ఇంట్లో ఆ సందర్భం వస్తే ఏమంటారో రాయమన్నాను. తరువాత ఆ సందర్భానికే ఇంగ్లీషు వాక్యం రాయమన్నాను. ఇంగ్లీషు అధ్యాపకురాలు ఒకరు వాటిని దిద్దడానికి ఒప్పుకున్నారు. మొదటి రెండు వారాలు ఎవరూ ఏమీ రాయలేదు. ఇంటి మాట రాయడం సిగ్గనిపించిందని తరువాత చెప్పారు. మూడో వారం ‘రిలక్టెంట్’ వంతు వచ్చింది. మొదట నా దగ్గరకు పుస్తకం తెచ్చిన అమ్మాయి రెండో గడిలో ‘విముఖుడైన’ కొట్టేసి ‘మనసొప్పకపోయినా’ అని రాసింది. మూడో గడిలో, తమ ఊరి ఇల్లు అమ్మేశాక నాయనమ్మ పట్నం వచ్చిన సంగతి రాసింది. ‘మై గ్రాండ్‌మదర్ వజ్ రిలక్టెంట్ టు లీవ్ ది ఓల్డ్ హౌస్, బట్ షీ కేమ్ విత్ అజ్.’ ఇంగ్లీషు అధ్యాపకురాలు అందులో దిద్దడానికి ఏమీ లేదన్నారు. ఆ పక్కన ఇంకో గడి గీసి, ‘నాయనమ్మ రానని అనలేదు, గడప దాటేముందు మాత్రం చాలాసేపు నిలబడింది’ అని అమ్మాయి తెలుగులో మరో వాక్యం చేర్చింది.